బందరు ఆనవాళ్లకు దిక్కెవరు?

* డచ్చి సమాధులకు చట్టం అండ.. ఆదరణ మాత్రం కరవు
* 1864 ఉప్పెన మృతులను తలచుకునే నాథుడు లేడు
* ఉద్యానాలు, శ్మశానాల బాధ్యత నగరపాలక సంస్థదే
* పోర్టు సందడి పెరగకముందే హద్దులు తేల్చడం అవసరం

మచిలీపట్నం: నాలుగు శతాబ్దాల కిందట ప్రపంచ పటంలో ప్రముఖంగా కనిపించిన ఊరిది. గోల్కొండ నవాబులకు సముద్ర ద్వారం. వలందేజులు, ఆంగ్లేయులు, పరాసులు ఒకరి తరువాత ఒకరు వచ్చి గిడ్డంగులు కట్టుకున్న రేవు. వారు వెళ్లిపోయారు. వారి ఓడలు లేవు, వర్తకం లేదు. మిగిలినవి కొన్ని సమాధులు, కూలిన కోటగోడలు, మూడు పేటల పేర్లు. ఆ మిగిలిన వాటినైనా నిలుపుకుంటున్నామా అన్నదే ఇప్పుడు బందరు ముందున్న ప్రశ్న.

2011 జనాభా లెక్కల ప్రకారం మచిలీపట్నం జనాభా దాదాపు 1,70,000. పురపాలక సంఘం 1866లో ఏర్పడగా, 2015 డిసెంబరులో నగరపాలక సంస్థ హోదా దక్కింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు కృష్ణా జిల్లా కేంద్రంగా బందరే కొనసాగింది. హోదాలు పెరిగినంత వేగంగా ఊరి ఆనవాళ్లపై శ్రద్ధ పెరగలేదు. ఎన్నో ఏళ్లుగా ఎదురుచూసిన పోర్టు పనులు మొదలైన తరుణంలో ఈ విషయం మరింత ప్రాధాన్యం సంతరించుకున్నది. భూమి ధర పెరిగే ప్రతి చోటా మొదట కుంచించుకుపోయేవి మాట్లాడలేని స్థలాలే. శ్మశానం, పార్కు, శిథిల కట్టడం ఆ కోవలోనివే.

పేటల పేర్లలో దాగిన చరిత్ర

బందరులో పుట్టి పెరిగిన వారికి వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం నిత్యం వినపడే పేర్లే. ఆటోవాలా మొదలు పోస్టుమ్యాను వరకు అందరి నోటా నలిగేవే. వలందా అంటే హాలండు. హాలండు దేశస్థులైన డచ్చివారిని పూర్వం తెలుగువారు వలందేజులు అన్నారు. ఫ్రెంచివారిని పరాసులు అన్నారు. ఆ రెండు మాటలూ వాడుకలోంచి జారిపోయాయి. ఊరి పేర్లలో మాత్రం బతికి ఉన్నాయి. ఇంగ్లీషుపాలెం సంగతి వేరుగా చెప్పనవసరం లేదు. మూడు జాతులు పోటీపడి వర్తకం చేసిన రేవుకు ఈ మూడు పేర్లే తొలి శాసనాలు.

డచ్చి ఈస్టిండియా కంపెనీ 1605లో ఇక్కడికి చేరింది. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ 'గ్లోబ్' వచ్చి వర్తక స్థావరం నెలకొల్పింది. ఫ్రెంచివారు 1669లో అడుగుపెట్టారు. వీరందరినీ ఇక్కడికి రప్పించింది మన చేనేత, అద్దకం. పెడన, బందరు పరిసరాల్లో తయారైన కలంకారీ బట్టలు పర్షియాకు, ఆగ్నేయాసియా దీవులకు ఓడలెక్కాయి. తూర్పు దీవుల్లో మిరియాలు, లవంగాలు కొనాలంటే అక్కడివారు కోరింది వెండిబంగారాలకన్నా కోరమండల్ తీరపు బట్టలనే. అందుకే సుగంధ ద్రవ్యాల కోసం బయలుదేరిన డచ్చివారు ముందుగా తెలుగు తీరంలో ఆగారు. పారశీక వర్తకులు అంతకు మునుపే ఇక్కడ స్థిరపడి ఉన్నారు. నేటికీ పెడన ప్రాంతంలో చెక్క అచ్చులతో సాగుతున్న అద్దకం పని ఆనాటి వర్తకానికి సజీవ సాక్ష్యం.

సమాధి రాళ్లు చెప్పే సంగతులు

బందరులోని డచ్చి శ్మశానవాటిక విస్తీర్ణంలో చిన్నది. విలువలో మాత్రం చిన్నది కాదు. 17వ శతాబ్ది తొలి భాగం నుంచి 18వ శతాబ్ది తొలి పాదం వరకు ఇక్కడ మరణించిన కంపెనీ ఉద్యోగులు, వర్తకులు, వారి కుటుంబ సభ్యుల సమాధులు ఇందులో ఉన్నాయి. నల్లరాతి పలకలపై డచ్చి భాషలో పేర్లు, పుట్టిన ఊళ్లు, మరణించిన తేదీలు చెక్కి ఉన్నాయి. వంశ చిహ్నాలు, పూల తీగెలు, కపాలం గుర్తులు రాళ్లపై తీర్చిదిద్దారు. అక్షరాలు ఐరోపావి అయినా, ఆ నల్లరాతిని మలచిన నైపుణ్యం ఈ తీరానిది. పులికాట్, సద్రాస్, భీమునిపట్నాల్లోనూ ఇటువంటి సమాధులే కనిపిస్తాయి. ఇవన్నీ కలిపి చూస్తేనే కోరమండల్ తీరపు డచ్చి చరిత్ర పూర్తవుతుంది.

ఈ రాళ్ల విలువను ముందుగా గుర్తించినది నేటి తరం కాదు. మద్రాసు రాజధానిలోని డచ్చి కట్టడాలపై పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ 1897లో ప్రత్యేక గ్రంథాన్నే వెలువరించారు. మద్రాసు ప్రాంతంలోని సమాధి శాసనాల జాబితాను జె.జె.కాటన్ 1905లో ప్రచురించారు. అంతకు ముందే 1883లో గోర్డన్ మెకెంజీ కృష్ణా జిల్లా మాన్యువల్‌లో బందరు చరిత్రను విపులంగా నమోదు చేశారు. అంటే వంద ఏళ్లకు పూర్వమే ఈ తీరపు సమాధి రాళ్ల లెక్క కాగితానికి ఎక్కింది. నాటి లెక్కను, నేడు నేలపై ఉన్న రాళ్లను పక్కపక్కన పెట్టి సరిచూస్తే ఎన్ని మిగిలాయో, ఎన్ని అరిగాయో, ఏ అక్షరాలు చెరిగాయో తేలిపోతుంది. దీనికి కోట్ల రూపాయలు అక్కరలేదు. ఒక చరిత్ర అధ్యాపకుడు, పదిమంది విద్యార్థులు, కొన్ని రోజుల ఓపిక చాలు.

ఈ వాటిక కేంద్ర పురావస్తు సర్వేక్షణ శాఖ రక్షణలో ఉన్నది. రక్షిత కట్టడాన్ని ధ్వంసం చేసినా, రూపు మార్చినా శిక్ష తప్పదు. అయితే రక్షణ వేరు, ఆదరణ వేరు. గేటుకు తాళం, గోడకు నీలిరంగు బోర్డు ఉంటే రక్షణ ఉన్నట్లే. ఆ రాయిపై ఏమున్నదో తెలుగులో చెప్పే పలక లేకపోతే ఆదరణ లేనట్లే. బళ్లో డచ్చివారి రాక గురించి చదివిన పిల్లవాడు, అదే ఊళ్లో ఉన్న వారి సమాధుల వద్దకు ఒక్కసారి కూడా వెళ్లకుండా చదువు ముగిస్తే లోపం పిల్లవాడిది కాదు.

కోట కథ, ఉప్పెన వ్యథ

బందరు కోటది మరో గాథ. 1750లో ఫ్రెంచివారి వశమైన ఈ కోటను 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ నాయకత్వంలోని ఇంగ్లీషు సేన రాత్రివేళ దాడి చేసి పట్టుకున్నది. లోపల ఉన్న సేనకన్నా బయటి నుంచి దాడి చేసిన సేన తక్కువ. ఆ ఒక్క రాత్రితో ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివారి ప్రాబల్యానికి తెరపడింది. తెలుగు నేలపై ఎవరి పాలన సాగాలో నిర్ణయించిన ఘట్టాల్లో ఇదొకటి. పాఠ్యపుస్తకాల్లో చందుర్తి యుద్ధానికి దక్కిన చోటు దాని వెనువెంటనే జరిగిన ఈ కోట పోరుకు దక్కలేదు.

కోటను ఫిరంగులు కూల్చలేదు. సముద్రం కూల్చింది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన తుపానుకు ఉప్పెన తోడై బందరును ముంచెత్తింది. అల కొన్ని మైళ్ల దూరం లోపలికి చొచ్చుకువచ్చింది. సుమారు 30,000 మంది ప్రాణాలు కోల్పోయినట్లు నాటి అంచనా. ఈనాటి నగర జనాభాతో పోల్చి చూసినా అది చిన్న సంఖ్య కాదు. అప్పటి ఊరికైతే అది ప్రళయమే. శవాలను విడివిడిగా ఖననం చేయడానికి మనుషులే మిగలని పరిస్థితి. ఆ దెబ్బతో కోట ప్రాంతం పాడుపడింది. రేవు మళ్లీ పూర్వవైభవం చూడలేదు.

ఇక్కడే ఒక వైరుధ్యం కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. సొంత ఊరికి వేల మైళ్ల దూరంలో కన్నుమూసిన డచ్చి వర్తకుని పేరు, మరణ తేదీ రాతిపై భద్రంగా ఉన్నాయి. ఒక్క రాత్రిలో పోయిన వేలాది మంది స్థానికుల్లో పేరు మిగిలినవారు అరుదు. రాయి కొనగలిగినవాడికే చరిత్ర దక్కింది. కూలీలు, మత్స్యకారులు, నేతగాళ్లు, వారి పిల్లలు ఏ మట్టిలో కలిశారో చెప్పే గుర్తులు కానరావు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన మృతులకు ఏటా ఆ రోజున నివాళులర్పించే సంప్రదాయం ఉన్నది. నవంబరు 1 అనగానే మాత్రం అందరికీ గుర్తుకు వచ్చేది రాష్ట్ర అవతరణ దినమే. అదే తేదీన బందరు సగం తుడిచిపెట్టుకుపోయిందన్న సంగతి ఊరివారిలోనే చాలామందికి తెలియదు.

ఇది కేవలం భావోద్వేగానికి సంబంధించిన విషయం కాదు. ఉప్పెన గుర్తులు ఊరికి హెచ్చరిక బోర్డులు. నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో గోడపై గీత గీసి ఉంచిన ఊరు, ఆ గీతకు దిగువన ఇల్లు కట్టే ముందు ఒకసారి ఆలోచిస్తుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన రోజు పౌర్ణమి. సముద్ర స్నానాలకు వచ్చినవారు మంగినపూడి తీరంలో ప్రమాదంలో చిక్కుకున్నారు. ప్రాణాలు పోయాయి. సముద్రం అంటే వేడుక మాత్రమే కాదని ఈ తీరం పదేపదే చెబుతున్నది. వినిపించే ఏర్పాటు మనమే చేసుకోవాలి.

ప్రార్థనాలయంగా మారిన సమాధి

ఊళ్లోని సెయింట్ మేరీ చర్చి వెనుక బందరువాసులు తరతరాలుగా చెప్పుకునే ఒక ప్రేమకథ ఉన్నది. జాన్ పేటర్ అనే సైనికాధికారి అరబెల్లా రాబిన్సన్ అనే యువతిని ప్రేమించాడని, 1809లో ఆమె మరణించగా చర్చి శ్మశానంలో ఖననానికి మతాధికారులు అంగీకరించలేదని చెబుతారు. దాంతో అతడు సొంతంగా స్థలం కొని ఆమెను అక్కడే ఖననం చేసి, ఆ సమాధిపైనే చర్చి కట్టించాడని కథనం. కథలో కల్పన ఎంతో, నిజం ఎంతో చరిత్రకారులు తేల్చవలసి ఉన్నా, ప్రియురాలి సమాధి ప్రార్థనాలయంగా మారిన వైనం ఊరికి ఒక ఆకర్షణే. ఇటువంటి కథ మరో నగరంలో ఉంటే దాని చుట్టూ పర్యాటకుల బారులు తీరేవి. బందరులో అది కబుర్లకే పరిమితమైంది.

ఊరి గుర్తులన్నీ విదేశీయులవే అనుకోవడమూ పొరపాటే. చిలకలపూడి పాండురంగస్వామి ఆలయాన్ని భక్త నరసింహం 1929లో నెలకొల్పారు. కార్తిక మాసంలో ఇక్కడి ఉత్సవాలకు, మంగినపూడి సముద్ర స్నానాలకు జనం పోటెత్తుతారు. కృష్ణా పత్రిక 1902లో పుట్టినది ఈ ఊళ్లోనే. ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో అది తెలుగువారికి రాజకీయ చైతన్యం నేర్పింది. కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలకు ప్రాణం పోశారు. జాతీయ పతాక రూపకర్త పింగళి వెంకయ్య అందులో పనిచేశారు. పట్టాభి 1923లో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు ఇక్కడే మొదలై దేశమంతా విస్తరించి, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. పేరు కనుమరుగైన తరువాత ఆ బ్యాంకు పుట్టిన ఊరే దానికి మిగిలిన గుర్తు.

కోనేరు సెంటరు సంగతి సరేసరి. 1930 ఉప్పు సత్యాగ్రహ కాలంలో తోట నరసయ్య నాయుడు ఇక్కడ మువ్వన్నెల జెండా ఎగురవేయడానికి ముందుకు వచ్చి పోలీసుల లాఠీ దెబ్బలకు ఒళ్లు హూనమై స్పృహ కోల్పోయేవరకు జెండా వదలలేదు. నిత్యం ఆ కూడలి దాటే వాహనాల రద్దీలో ఈ సంగతి తలచుకునే తీరిక ఎవరికీ ఉండదు. తలచుకునేలా చేయడమే పాలకుల పని.

చిక్కు ఎక్కడున్నది?

బందరు ఆనవాళ్ల దుస్థితికి నిధుల కొరత ఒక్కటే కారణం కాదు. ఎవరి ఆధీనంలో ఏది ఉన్నదన్న విషయంలోనే చిక్కు ఉన్నది. డచ్చి వాటిక కేంద్ర శాఖది. చర్చి శ్మశానం సంఘానిది. కబరస్థాన్ వక్ఫ్ వ్యవహారం. గుడి దేవదాయ శాఖకో ధర్మకర్తలకో చెందినది. హిందూ శ్మశానాలు, పార్కులు నగరపాలక సంస్థవి. సముద్ర తీరం రెవెన్యూ, పర్యాటక, అటవీ, మత్స్య శాఖల మధ్య పంచుకున్నది. ఒకే ఊరి జ్ఞాపకాలకు ఇంతమంది యజమానులు. అందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టే బాధ్యత మాత్రం ఏ ఒక్కరిదీ కాదు. పురావస్తు శాఖ గేటు లోపల గడ్డి కోయించగలదు. గేటు బయట మురుగు కాలువ పూడిక తీయించలేదు. నగరపాలక సంస్థ కాలువ తీయగలదు. గోడ లోపల ఇటుక కదపలేదు. ఫలితంగా గోడకు రెండు వైపులా పని ఆగిపోతుంది.

చట్టం సైతం ఇరుగుపొరుగు వారికి కట్టడాన్ని బరువుగా మార్చింది. పురాతన కట్టడాల చట్టం 1958 నాటిది. 2010లో దానికి చేసిన సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం. ఆ పైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషేధిత ప్రాంతంలో కొత్త నిర్మాణానికి వీలు లేదు. పాత ఇంటికి మరమ్మతు చేయాలన్నా అనుమతి తప్పనిసరి. నియంత్రిత ప్రాంతంలో నిర్మాణానికీ జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థ సిఫారసు కావాలి. కోట వంటి బయలు ప్రదేశంలో ఈ నిబంధన పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు. ఇళ్ల మధ్య ఉన్న చిన్న వాటిక విషయంలో మాత్రం వంద మీటర్లంటే అనేక కుటుంబాల బతుకు వ్యవహారం. పైకప్పు కారుతున్న ఇంటివాడికి ఎన్నడో పోయిన డచ్చివాడి సమాధి శత్రువుగా కనిపించడంలో వింత లేదు.

దీనికి చట్టంలోనే పరిష్కారం లేకపోలేదు. ఒక్కో కట్టడానికి విడివిడిగా వారసత్వ ఉపనిబంధనలు రూపొందించాలని అదే సవరణ చెబుతున్నది. స్థానిక పరిస్థితిని బట్టి ఎంత ఎత్తు కట్టవచ్చు, ఏ మరమ్మతు చేయవచ్చు అన్నది వాటిలో స్పష్టం చేయవచ్చు. ఆ నిబంధనలు తెలుగులో అచ్చువేసి వార్డు కార్యాలయంలో అంటిస్తే దళారుల బెడద తగ్గుతుంది. అనుమతి దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో సామాన్యునికి తెలియకపోతే ఎంత మంచి చట్టమైనా వేధింపుగానే మిగులుతుంది.

బతికున్నవారి శ్మశానాల మాటేమిటి?

పాత సమాధుల గురించి మాట్లాడేటపుడు నేటి శ్మశానాలను విస్మరించడం న్యాయం కాదు. రాజ్యాంగ 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ద్వారా చేరిన 12వ షెడ్యూలులో పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలు ఉన్నాయి. పార్కులు, తోటలు, ఆటస్థలాలు అందులో 12వ అంశం. సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాల ప్రోత్సాహం 13వది. శ్మశానాలు, దహనవాటికలు 14వది. మూడింటినీ రాజ్యాంగం వరుసగా పక్కపక్కనే ఉంచింది. కార్యాలయాల్లో మాత్రం ఒకటి ఇంజినీరింగు విభాగానికి, మరొకటి ప్రజారోగ్యానికి, ఇంకొకటి ఎవరికీ కాకుండా పోయింది.

సముద్ర తీర పట్టణాల్లో ఖననం వేరే ఊళ్లలో వలె సులువు కాదు. నేల పల్లం. నీరు పైపైనే ఉంటుంది. వానాకాలంలో గొయ్యి తవ్వుతుండగానే నీరు ఊరుతుంది. మెరక చేయని శ్మశానంలో ఆప్తులను సాగనంపడం కుటుంబాలకు రెట్టింపు క్షోభ. కృష్ణా డెల్టా పల్లెల్లో, పట్టణ శివార్లలో దళితవాడలకు సొంత శ్మశానం లేక కాలువ గట్లు, డొంకలే దిక్కయిన ఉదంతాలు కొత్తవి కావు. దారి లేని శ్మశానానికి పొలాల మీదుగా పాడె మోసుకెళ్లవలసి రావడం, ఆ పొలం వారితో తగవులు రావడం జిల్లా వాసులకు తెలిసిన బాధే. 2020, 2021 సంవత్సరాల్లో కరోనా విజృంభించినపుడు దహనవాటికల కొరత ఎంతటి కష్టమో రాష్ట్రంలోని ప్రతి పట్టణం చవిచూసింది.

అందుకే శ్మశానానికి ప్రహరీ, మెరక, రోడ్డు, నీటి కుళాయి, నీడనిచ్చే షెడ్డు అన్నవి వరాలు కావు. కనీస అవసరాలు. ఆరడుగుల నేల విషయంలో కులాల మధ్య తేడా లేకుండా చూడవలసిన బాధ్యత ప్రభుత్వానిది. వలందేజుల వాటికకు రక్షణ కల్పించిన దేశంలో సొంత పౌరుల శ్మశానం హద్దు రాయి లేకుండా ఉండడం ఎంతమాత్రం సమర్థనీయం కాదు.

పచ్చదనం లెక్కల్లో బందరు ఎక్కడ?

పార్కుల విషయానికి వస్తే అంకెలే పరిస్థితిని చెబుతాయి. కేంద్ర ప్రభుత్వం 2014లో వెలువరించిన పట్టణ ప్రణాళిక మార్గదర్శకాల ప్రకారం నగరంలో మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలి. 2011 నాటి జనాభానే తీసుకున్నా, మనిషికి 10 చదరపు మీటర్ల చొప్పున బందరుకు 17 లక్షల చదరపు మీటర్లు కావాలి. అంటే సుమారు 420 ఎకరాలు. అంత విస్తీర్ణం ఒకేచోట దొరకడం అసాధ్యం. ఉన్నవాటినైనా పోగొట్టుకోకూడదన్నదే ఈ లెక్క నేర్పే పాఠం.

కొత్త లేఅవుట్లలో పది శాతం స్థలాన్ని ఉమ్మడి అవసరాలకు వదలాలన్న నిబంధన ఉన్నది. కాగితంపై పార్కుగా చూపిన స్థలం కొన్నాళ్లకు మరో అవసరానికి మళ్లడం రాష్ట్రంలోని పట్టణాలకు పరిపాటి. చాలాచోట్ల ముందు ఒక షెడ్డు, తరువాత ఒక గుడి లేదా కార్యాలయం, ఆ పైన దుకాణాలు. పచ్చదనం పోయిన తరువాత పిల్లలు రోడ్డున ఆడుకుంటారు. పెద్దలు నడక కోసం కాలేజీ మైదానాలు వెదుక్కుంటారు. తీరప్రాంతపు ఉక్కపోతలో సాయంత్రం కాసేపు కూర్చునే చెట్టు నీడ విలాసం కాదు, ఆరోగ్యం.

శ్మశానం కూడా ఊరికి ఊపిరితిత్తి కాగలదు. మేర చుట్టూ వేప, కానుగ నాటితే అది నీడనిస్తుంది. ఆక్రమణదారుకు అడ్డుగోడ అవుతుంది. డచ్చి వాటిక, కోట, సెయింట్ మేరీ చర్చి, కోనేరు సెంటరు, జాతీయ కళాశాల, చిలకలపూడి ఆలయం, మంగినపూడి తీరం ఒకే దారంలో గుచ్చితే ఒక రోజు యాత్ర సిద్ధమవుతుంది. విజయవాడ నుంచి వచ్చేవారు తీరంలో స్నానం చేసి, బందరు లడ్డు కొనుక్కొని తిరిగి వెళుతున్నారు. వారిని మరో నాలుగు గంటలు ఊళ్లో ఆపగలిగితే ఆటో కార్మికునికి, పూటకూళ్ల వారికి, కలంకారీ నేతన్నకు ఆదాయమే.

పోర్టు వస్తే ఏమవుతుంది?

బందరు పోర్టుకు 2008 ఏప్రిల్‌లో ఒకసారి, 2019 ఫిబ్రవరిలో మరోసారి, 2023 మే నెలలో ఇంకోసారి ముగ్గురు ముఖ్యమంత్రుల హయాంలో శంకుస్థాపనలు జరిగాయి. మూడోసారి తరువాత పనులు పట్టాలెక్కాయి. తొలి దశ అంచనా వ్యయమే రూ.5 వేల కోట్ల పైచిలుకు. రేవు వస్తే ఉపాధి వస్తుందన్న ఆశ న్యాయమైనదే. 1933లో విశాఖ రేవు ప్రారంభమైన నాటి నుంచి వెనుకపట్టు పట్టిన ఊరు తిరిగి లేవాలని కోరుకోనివారు ఉండరు. రేవునూ, పాత సమాధులనూ ఒకదానికొకటి పోటీగా చూడనవసరం లేదు. రాటర్‌డామ్, ఆమ్‌స్టర్‌డామ్ ఓడరేవులుగా వర్ధిల్లుతూనే పాత వీధులను కాపాడుకుంటున్నాయి.

అయితే రేవుతో పాటు వచ్చేవి గిడ్డంగులు, లారీల స్టాండ్లు, కొత్త లేఅవుట్లు. నగర విస్తరణ ప్రణాళికలు రూపొందించేది మచిలీపట్నం పట్టణాభివృద్ధి సంస్థ. ఆ ప్రణాళిక పటంలో ప్రతి శ్మశానం, ప్రతి పార్కు, ప్రతి పాత కట్టడం సర్వే నంబరుతో సహా ముందే చేరితే రేపు ఎవరూ వేలు పెట్టలేరు. చేరకపోతే ఖాళీ స్థలంగానే మిగులుతుంది. ఖాళీ స్థలానికి ఎప్పుడూ ఎవరో ఒకరు సిద్ధంగానే ఉంటారు. భూమి విలువ పెరిగాక హద్దులు తేల్చడానికి కోర్టులు, దశాబ్దాలు కావాలి. పెరగకముందు అయితే ఒక సర్వేయరు, ఒక గొలుసు, నాలుగు రాళ్లు సరిపోతాయి.

చేయవలసినది కొండంత కాదు

జిల్లా కలెక్టరు అధ్యక్షతన పురావస్తు శాఖ, నగరపాలక సంస్థ, పట్టణాభివృద్ధి సంస్థ, మత సంఘాల ప్రతినిధులతో ఒక సంఘం ఏర్పాటు చేయడం తొలి మెట్టు. నగరంలోని శ్మశానాలు, ఉద్యానాలు, పాత కట్టడాల జాబితాను హద్దులతో సహా తయారు చేసి ప్రజల ముందుంచడం రెండోది. డచ్చి వాటికలోని శాసనాల తెలుగు అనువాదాన్ని గేటు వద్ద పలకపై చెక్కించడం మూడోది. 1864 ఉప్పెన నీటిమట్టాన్ని చూపే రాతి గుర్తును ఊరి నడుమ నిలిపి, ఏటా నవంబరు 1న బడిపిల్లలకు దాని కథ చెప్పించడం నాలుగోది. శ్మశానం లేని వాడలకు స్థలం, దారి చూపడం అన్నిటికన్నా ముఖ్యమైనది. దీనిని వాయిదా వేసే హక్కు ఎవరికీ లేదు.

డచ్చివారు తమ కోరమండల్ స్థావరాలను 1825లో ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్లిపోయారు. ఇంగ్లీషువారు 1947లో వెళ్లారు. ఇక వెళ్లిపోవడానికి మరో ఊరు లేనివారు బందరువాసులే. ఈ ఊరి మట్టిలో ఉన్న ప్రతి సమాధి, పేరున్నదైనా లేనిదైనా, వారి పూచీనే. ఓడలు మళ్లీ వచ్చే నాటికి ఆ పూచీని కాగితంపై, నేలపై పదిలం చేసుకోవడం పాలకుల, ప్రజల ఉమ్మడి బాధ్యత.